స్టైలో మొక్క – దానిని గుర్తించు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నేను భాగవతమును గూర్చియో, మనుచరిత్రను గూర్చియో మాటలాడుదునని కార్యవర్గమువారు తలచిరి. ఆహ్వానపత్రికలో నా పేరునకెదురుగా ‘సాహిత్యోపన్యాసము’ అనియే అచ్చు వేయించిరి. వారి యాశను భంగపరచినందులకు మన్నింప వేడుచున్నాను. నేడు నేను చెప్పదలచినది ఒక మొక్కను గూర్చి. బల్లమీద ఇత్తడి చెంబులో నున్నది అదియే. దీనిని తెచ్చుచుండగా ద్వారము కడ ఒకరు చూచి పిల్లిపెసర యనిరి. మరియొకరు మెంతికూర ముదిరినదా యని యడిగిరి. మూడవవారు, పేరుతో నేమి పని, మేక తినునా తినదా చెప్పుమనిరి. మూడింటిలో మూడవదే మేలైన ప్రశ్న. తినును. ఆవు, గేదె, గొఱ్ఱె కూడ తినును. అయినను పేరుతో పని లేదను మాటను నేనంగీకరింపలేను. అందులకు కారణము విన్నవించెదను.

గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. 2016వ సంవత్సరపు వానకాలమున పంటల నమోదు కొఱకు మన తూర్పు చేలలో తిరుగుచుంటిని. ఒక పెద్దమ్మకు చెందిన రెండెకరముల మెట్టచేనిలో ఆ యేడు వేరుశనగ లేదు, కంది లేదు. మోకాలి యెత్తున, సన్నని యాకులు గల పచ్చని మొక్క యొకటి నేల నంతటిని కప్పియుండెను. అందందు చిన్నచిన్న పసుపుపచ్చని పూలు. చేనిలో మనుష్యుడెవడును లేడు. ఎండ తీక్ష్ణముగా నుండెను. ‘బీడు, పిచ్చిమొక్కలు’ అని వ్రాసి ముందరి చేనికి పోయితిని. ఆ మాటలు వ్రాయుటకు నాకు పట్టిన కాలము నిమిషము కూడ కాదు.

ఆ యేడు వానలు మోసపుచ్చినవి. కరవు సాయమునకై జాబితా సిద్ధమైనపుడు పంట పెట్టిన భూములే అందు చేరినవి. బీడని వ్రాసిన చేనికి చోటు లేకపోయెను. ఆ పెద్దమ్మ మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, “ఏమప్పా, నా సేనిలో పైరు నీ కండ్లకు అగుపడలేదా? దుడ్డు పెట్టి ఇత్తనం కొనుక్కొచ్చి సల్లితిని గదప్పా!” అని యడిగెను. ఏమి పైరమ్మా యని నేనడిగితిని. ‘ఇస్టైలో’ అనెను. ఆమె సరిగానే పలికినది. నేనే ఆ పేరెన్నడును వినియుండలేదు. ఆమెకు రెండు గేదెలు, ఆ పాలే జీవనము. ప్రబంధములలోని వనవర్ణనల యందలి చెట్ల పేర్లన్నియు నాకు కంఠస్థములు. ఊరి చేనిలోని మొక్క పేరు తెలియదు.

ఆ సాయంకాలమే ఈ గ్రంథాలయమునకు వచ్చి వ్యవసాయపు బీరువా వెదకితిని. పశుగ్రాసములను గూర్చిన చిన్న పుస్తక మొకటి దొరకెను. ముందరి పుటలను చెదలు తినివేసినందున గ్రంథకర్త యెవరో నేటికిని నాకు తెలియదు. ఆ మహనీయునికి నమస్కారము. పెద్దమ్మ చేనినుండి ఒక మొక్కను వేరుతో పెకలించి తెచ్చుకొని, మూడు సాయంకాలములు పుస్తకమును మొక్కను ప్రక్కప్రక్కన నుంచుకొని చదివితిని. అటుపిమ్మట నేను చదివినవియు, చేలవెంట తిరిగి చూచినవియు కలిపి నేడు మీకు విన్నవించుచున్నాను.

దీని ప్రజాతి పేరు స్టైలోసాంథెస్. స్టైలోస్ అనగా గ్రీకు భాషలో స్తంభము, ఆంథోస్ అనగా పుష్పము. స్తంభపుష్పి యని మనము చెప్పుకొనవచ్చును. 1788లో స్వీడను దేశీయుడగు ఓలోఫ్ స్వార్ట్జ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను. అంతకు కొలది యేండ్ల ముందు అతడు వెస్టిండీసు దీవులలో తిరిగి మొక్కలు సేకరించియుండెను. ఈ ప్రజాతిలో నలువదికి పైగా జాతులు కలవు. వీనిలో నధికభాగమునకు పుట్టిల్లు అమెరికా ఖండములు, ముఖ్యముగా బ్రెజిలు దేశము. మన పశువుల మేతకై తెచ్చి నాటినవన్నియు ఆ వంశమువే.

స్తంభమను పేరెందులకు వచ్చినదో తెలియుటకు దూరదేశములు పోనక్కరలేదు, మన వేరుశనగ చేనికి పోయిన చాలును. వేరుశనగ పువ్వును తెల్లవారుజామున చూడుడు. పువ్వునకు క్రింద సన్నని పొడవైన కాడ వంటిది కనబడును. అది కాడ కాదు. రక్షకపత్రములు క్రింద కలిసి గొట్టమై సాగి అట్లు కనబడును. అండాశయము ఆ గొట్టపు టడుగున, ఆకు మొదలున దాగియుండును. స్టైలో పువ్వు నిర్మాణమును సరిగా అట్టిదే, కాని మిక్కిలి చిన్నది. ఆ గొట్టమే స్వార్ట్జ్ కంటికి స్తంభమైనది. ఇట్లు చెప్పుటలో మరియొక యర్థము కూడ కలదు. స్టైలోయును వేరుశనగయును దాయాదులు. వేరుశనగయు దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. అది ఊడలు దింపి కాయను భూమిలో దాచుకొనును. ఇది కాయను పైననే పండించి నేల రాల్చును. అన్నదమ్ములలో ఒకడు సొమ్ము పాతిపెట్టువాడు, మరియొకడు వెదజల్లువాడు.

ఇక గుర్తులు. దయచేసి ఆకునుండి మొదలు పెట్టుడు. పువ్వు నెలల తరబడి లేకపోవచ్చును, ఆకు ఎప్పుడును ఉండును. ఒక్కొక్క యాకులో మూడు పత్రకములుండును. వేరుశనగకు నాలుగు. నడిమి పత్రకమునకు మాత్రము పొట్టి తొడిమ కలదు, ప్రక్కవి రెండును కాడకే అంటియుండును. పత్రకములు ఈటెమొనవలె సన్నమై కొనదేలియుండును. అంచున పండ్లుండవు, నొక్కులుండవు. క్రింది వైపున ఈనెలు ఉబ్బి స్పష్టముగా కనబడును. ఈ మొక్క దేనిని పట్టుకొని ప్రాకదు, నులితీగలు లేవు.

ఇంతవరకు చెప్పిన గుర్తులు ఇతర మొక్కలకును కొంత సరిపోవును. తప్పు పోనీయని గుర్తు ఆకుకాడ మొదట నున్నది. చిక్కుడు జాతి మొక్కలలో ఆకుకాడ కిరుప్రక్కల రెండు చిన్న రేకులవంటి వుండును. వానిని శాస్త్రజ్ఞులు పత్రపుచ్ఛము లందురు. స్టైలోలో ఈ రెండును విడిగా నుండక ఆకుకాడతో నతికి, కలిసి యొక ఒరయై కాండమును చుట్టుకొనియుండును. ఒర పైకొనలు మాత్రము రెండు ముండ్లవలె నిలిచియుండును. గోటితో ఆకును క్రిందికి లాగినచో ఒర కూడ ఊడివచ్చును. నేను ఆ మూడు సాయంకాలములలో రెండింటిని దీనికొఱకే వెచ్చించితిని. భూతద్దముతో దీనిని చూచిన క్షణమున ‘పిచ్చిమొక్క’ యని వ్రాసిన నా చేయి నాకే పరాయిదిగా తోచెను.

పూలు కొమ్మల చివర కంకులుగా గుమికూడి, ఆకువంటి పుటములలో సగము దాగియుండును. ఒక్కొక్క పువ్వు పసుపు లేక నారింజరంగుది. చిక్కుడు పువ్వునందువలెనే పైకి నిలిచిన ధ్వజము, ప్రక్కల రెండు బాహువులు, లోపల ద్రోణి కలవు. ధ్వజముమీద ఎఱ్ఱని చారలు తరచుగా నుండును. కేసరములు పది, అన్నియు క్రింద ఒక్క గొట్టముగా కలిసియుండును. వాని పుప్పొడి తిత్తులు ఒకటి పొడవు, ఒకటి పొట్టి, మరల ఒకటి పొడవు, ఈ వరుసలో నుండును. గురులఘువుల నెఱిగిన వారికి ఈ వరుస మనస్సున నిలుచును.

కాయ నువ్వుగింజ ప్రమాణపు రెండు కణుపుల ముక్క. పై కణుపు చివర ముక్కు కలదు. ఆ ముక్కును బట్టియే జాతులను సులువుగా విడదీయవచ్చును గనుక దానిని తరువాత చెప్పెదను.

పోలికచే మోసపుచ్చు మొక్కలను గూర్చి రెండు మాటలు. పిల్లిపెసరకును మూడు పత్రకములే, పువ్వును పసుపుపచ్చనిదే. కాని దాని పత్రకము తమ్మెలుగా చీలియుండును, తీగ నేలమీద ప్రాకును, కాయ పెసరకాయవలె సన్నగా కోలగా నుండును. మెంతికిని లూసర్నునకును పత్రకపు టంచున పండ్లుండును. లూసర్ను పువ్వు ఊదారంగుది. జోర్నియా యను నేలబారు మొక్క మన బీళ్లలో విరివిగా కలదు, పువ్వు పసుపే. దానికి రెండే పత్రకములు. వెంపలికి పత్రకములు అనేకములు, గిలిగిచ్చకు ఉబ్బిన కాయ ఎండి గలగలలాడును. వీనితో భ్రమపడువాడు నాకంటె త్వరపాటు కలవాడై యుండవలెను.

జాతుల పేర్లు లాటిను మాటలు. వినుటకు కఠినములుగా తోచును గాని, మన పూర్వులు మొక్కలకు పేర్లు పెట్టిన విధమే ఇదియు. అమరకోశపు వనౌషధివర్గము చూడుడు. ఏడేసి యాకులు గుత్తిగా నుండు చెట్టు సప్తపర్ణము. గరుకైన కంకి గల ఉత్తరేణి ఖరమంజరి. స్టైలోలలో ‘స్కాబ్రా’ యనగా గరుకైనది, ఖరమంజరిలోని ఖరమే. ‘విస్కోసా’ యనగా జిగటది. ‘హమాటా’ యనగా కొక్కెము కలది. ‘హ్యుమిలిస్’ అనగా పొట్టిది, వామనము. ‘ఫ్రుటికోసా’ యనగా పొదగా పెరుగునది. పేరు తెలిసినవానికి గుర్తు సగము తెలిసినట్లే.

పెద్దమ్మ చల్లినది హమాటా. ఇది ఒకటి రెండేండ్లు బ్రదుకు పైరు. రెండడుగుల యెత్తునకు మించుట అరుదు. పత్రకములు నున్నగా నుండును. కాండమును వెలుతురున కెత్తి త్రిప్పుడు: ఒక ప్రక్కన మాత్రము తెల్లని సన్నని నూగు గీతగా దిగుచుండును, ఎదుటి ప్రక్క నున్నన. కాయ పై కణుపునకు వంగిన కొక్కెము కలదు; క్రింది కణుపునకు కొక్కెము లేదు. అందువలన విత్తనపు సంచిలో కొక్కెము గలవియు లేనివియు కలిసి కనబడును. ఇది కల్తీ యని ఒక రైతు ఆ సంచిని త్రిప్పి యిచ్చివేసెనని వింటిని. అది కల్తీ కాదు. ఒకే కాయ రెండు ముక్కలు.

స్కాబ్రా ఇంతకంటె మొరటు. ఏండ్ల తరబడి నిలుచును, మనిషి యెత్తు పొద యగును, క్రింద కొయ్యబారును. కాండముమీదను ఆకులమీదను చుట్టును రోమములుండి చేతికి గరుకుగా, ఒకింత జిగటగా తగులును. కొక్కెము పొట్టిది. దీని తల్లివేరు లోతుగా దిగును గనుక హమాటా వాడిపోయిన నెలలలోను దీనికి పచ్చదనముండును. గయానెన్సిస్ అనునది వానలు మెండుగా గల సీమలకు తగినది, మన మెట్టకు కాదు. నల్లరేగడికి సీబ్రానా యను జాతి తగును.

పువ్వును విప్పి చూడ నేర్చినవారికి మరియొక గుర్తు కలదు. హమాటా, స్కాబ్రా, ఫ్రుటికోసా, సీబ్రానాలలో పువ్వు ప్రక్కన కుచ్చువంటి సన్నని మొండికాడ యొకటి నిలిచియుండును. హ్యుమిలిస్, గయానెన్సిస్, విస్కోసాలలో అది యుండదు. ఈ ప్రజాతిని శాస్త్రజ్ఞులు రెండు శాఖలుగా విభజించినది ఈ గడ్డిపోచంత మొండికాడను బట్టియే.

ఫ్రుటికోసాను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఈ ప్రజాతి పరదేశి యంటిని గాని, ఈ యొక్క జాతి ఆఫ్రికాలోను, సింహళమునందును, మన దక్షిణాపథపు గరపనేలలలోను పూర్వమునుండియు తానై పెరుగుచున్నది. పాత వృక్షశాస్త్ర గ్రంథములలో మ్యూక్రొనాటా యను పేరున కనబడునది ఇదియే. కొయ్యబారిన మొదలు, కాండము చుట్టును నూగు, నూగు గల కాయ దీని గుర్తులు. పదునెనిమిదవ శతాబ్ది చివర రెట్జియస్ అను స్వీడను పండితుడు దీనిని చూచి వేరుశనగ ప్రజాతిలో చేర్చి ‘అరాకిస్ ఫ్రుటికోసా’ యని పేరిడెను. తరువాతి వారు దానిని దిద్దిరి. నా తప్పును కప్పిపుచ్చుకొనుటకై దీనిని చెప్పుట లేదు. ఆయన దాయాదిని దాయాదిగానైన పోల్చెను. నేను పంటను బీడని వ్రాసితిని.

జాతి నెఱుగకపోయిన కలుగు నష్టమునకు ఆస్ట్రేలియాలో జరిగినది నిదర్శనము. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు టౌన్స్‌విల్ రేవు ప్రాంతమున హ్యుమిలిస్ జాతి కనబడెను. ఎవరును బుద్ధిపూర్వకముగా తెచ్చినది కాదు. పశువులకు మేలైన మేత యని తెలిసి దానిని విస్తారముగా చల్లిరి, టౌన్స్‌విల్ స్టైలో యని ఊరి పేరే పెట్టిరి. 1970 దశకమున ఆంత్రాక్నోస్ అను శిలీంధ్రపు తెగులు వచ్చి, ఆకులమీదను కాండముమీదను నల్లని మచ్చలు వేసి, ఆ పచ్చికబయళ్లను నాశనము చేసెను. ఆ చోటును కొంత తెగులు తాళుకొను హమాటా, స్కాబ్రా రకములు ఆక్రమించినవి. అన్నియు స్టైలోలే యని యెవ్వరే విత్తనమిచ్చినను పుచ్చుకొనువారు దీనిని తలపోయవలెను.

మన దేశమున ఈ మొక్కలమీద పరిశోధన ఝాన్సీలో 1962లో ఏర్పడిన భారతీయ గడ్డిభూముల, పశుగ్రాస పరిశోధన సంస్థలో జరిగినది. విత్తనము పండించుటలో పేరొందినది మన అనంతపురపు సీమ. ఇచట గింజ తీయు పద్ధతి చూడదగినది. కాయ పండిన కొలది రాలిపోవును గనుక, మొక్కను కోసి తీసివేసి, ఆ నేలను చీపుళ్లతో ఊడ్చి, ఆ మట్టిని చెరిగి తూర్పారబట్టి విత్తనము తీయుదురు. ఈ పనిలో దుమ్ము తినువారు అధికముగా స్త్రీలే. బజారున ధర యడుగునపుడు దీనిని కూడ జ్ఞప్తి యందుంచుకొనుట మంచిది.

విత్తనపు తోలు గట్టిది. ఊరక చల్లినచో చాల భాగము మొలవక పడియుండును. 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషములుంచి, తీసి, రాత్రి చన్నీటిలో నానవేసి, ఆరిన పిమ్మట చల్లవలెను. మరగు నీరు పోసినచో ఉడికిన గింజలు మిగులును. వేరుశనగ వలె లోతున పడరాదు. అంగుళములో సగము కంటె తక్కువ మట్టి చాలును. తొలి రెండు మాసములు ఇది మిక్కిలి మెల్లగా పెరుగును. అప్పుడు కలుపు తీయనివాడు, మొలవలేదని దున్నివేయువాడు, ఇరువురును నష్టపోవుదురు. డెబ్బది యెనుబది దినములకు పూతకు వచ్చునపుడు తొలికోత. అంతకుముందు గొఱ్ఱెలను విడువరాదు.

వేరును చూడుడు. దానిమీద ఆవగింజలవంటి బుడిపెలున్నవి. వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్క కిచ్చును. బుడిపెను గోటితో చీల్చినచో లోపల ఎఱ్ఱగా నున్నయెడల అది పని చేయుచున్నట్లు. ఆ యెఱుపు మన రక్తములోని యెఱుపునకు చుట్టమైన ద్రవ్యమువలన కలుగునది. అలసందకు పనికివచ్చు సూక్ష్మజీవులే హమాటాకును పనికివచ్చును గాన మన చేలలో విడిగా తెచ్చి కలుపనక్కరలేదు. సీబ్రానాకు మాత్రము దాని జీవులు దానికి ప్రత్యేకముగా కావలెను.

ఇది గడ్డి కాదని కూడ మనవి చేయవలెను. ఒక సంవత్సరము నేనే దీనిని ‘గడ్డి’ యని వ్రాయబోయి ఆగితిని. చిక్కుడు కుటుంబపు మొక్క. మాంసకృత్తులు గడ్డికంటె అధికము. కాని దీని నొక్కదానినే మేపుటయు, ఊరి పోరంబోకు నంతటిని దీనితో నింపుటయు నాకు సమ్మతము కాదు. పశువులు తొలివానలలో గడ్డిని ముందు కొరికి దీనిని విడుచును. కొన్నియేండ్లకు గడ్డి పోయి ఇదియే మిగులును, నేల మట్టి నిలుపుకొనదు. గడ్డితో కలిపి చల్లుట మేలు.

పెద్దమ్మ సంగతి చెప్పక విడువరాదు. నా నమోదు తప్పని దిద్దుబాటునకు వ్రాసి పంపితిని. గడువు దాటినదని కాగితము తిరిగి వచ్చెను. ఆ యేటి సాయము ఆమెకు రాలేదు, ఇక రాదు. మరుసటి యేటి లెక్కలో ఆ చేనికెదురుగా ‘స్టైలో, పశుగ్రాసము’ అని వ్రాసి, ఆమె నింటికి పిలిచి చదివి వినిపించితిని. ఆమె నవ్వి, “ఇప్పుడు అగుపడిందా అప్పా?” అనెను. నాటినుండి పేరు తెలియని పైరు చేనిలో కనబడినచో ఒక కొమ్మను త్రుంచి సంచిలో వేసుకొని ఈ గ్రంథాలయమునకు వచ్చి, పేరు దొరకువఱకు ఆ గడిని ఖాళీగా విడుచుచున్నాను. దీనివలన నా లెక్కలు ఆలస్యమగుచున్నవని పై వారికి కోపము.

చెంబులోనిది ఆమె చేనిలోనిదే. నేటి యుదయము ఆమెయే కోసి యిచ్చినది. గ్రంథాలయపు భూతద్దము దాని ప్రక్కనే యున్నది. సభ ముగిసిన పిమ్మట వచ్చి ఆకు మొదటి ఒరను, కాండముమీది నూగు గీతను చూడుడు. కాయను ముట్టునపుడు కొక్కెము చీరలకు పంచెలకు తగులుకొనును. లాగక, మెల్లగా వెనుకకు త్రిప్పి తీయుడు.